మా అమ్మాయి మీద వేసి చూపించిన రంగులు

శంషాబాద్ బస్టాండు దాటాక కుడివైపు సందులో మా మ్యాచింగ్ సెంటర్. చీర తీసుకొస్తే దానికి సరిపోయే జాకెట్ గుడ్డ, లంగా, ఫాల్ వెతికి ఇచ్చే దుకాణం. పదడుగుల వెడల్పు ఉంటుందేమో, గోడల నిండా మాత్రం రంగులే. మా దగ్గర లేని రంగు ఎవరైనా అడిగితే తెల్లగుడ్డ పట్టుకుని కాటేదాన్ వెళ్ళి, అక్కడో చిన్న షెడ్డులో అద్దించుకొచ్చేదాన్ని. మాది బందరు వైపు. మా వారికి ఎయిర్‌పోర్టు దగ్గర గోదాములో ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చాం, ఇక్కడే ఉండిపోయాం. ఆయనకు ఆ గోదాము, నాకు ఈ గుడ్డలు.

గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటే కాబట్టి ముందే చెప్పేస్తాను. రంగుల విషయంలో నా కన్ను కన్నే. ట్యూబులైటు కింద ఒకలాగా, ఎండలో ఇంకోలాగా కనిపించే రంగులుంటాయి. అందుకే అందరూ గుడ్డని వాకిట్లోకి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టి చూస్తారు. నేను కుర్చీలోంచి లేవకుండానే చెప్పేసేదాన్ని. నెమలికంఠానికీ రామా గ్రీన్‌కీ తేడా తెలియనివాళ్ళను చూస్తే నాకు జాలి కాదు, చిరాకు వచ్చేది. ఆ చిరాకు దాచుకోవడం కూడా నాకు చేతకాదు.

మనుషుల మనసులు కూడా రంగులను బట్టే చెప్పేదాన్ని. దిగులుగా ఉన్న మనిషి దుకాణంలోకి వస్తే చెయ్యి ముందు మట్టిరంగుల వైపు పోతుంది. అలాంటివాళ్ళను నేను వదిలేదాన్ని కాదు. "అది పక్కన పెట్టండి, ఈ మామిడిపండు రంగు చూడండి. రేపు పొద్దున్న తొడుక్కుని అద్దంలో చూసుకోండి, ప్రాణం లేచొస్తుంది" అనేదాన్ని. చిర్రుబుర్రులాడే ఆడవాళ్ళకు లేత ఆకుపచ్చ, నిద్ర పట్టడం లేదనేవాళ్ళకు లేత నీలం, పరీక్షలకు వెళ్ళే పిల్లలకు గంధం రంగు. మందుల షాపులో కూర్చున్నట్టే కూర్చునేదాన్ని. బుద్వేల్ నుంచి ఒకావిడ వచ్చేది. కాన్పయ్యాక మనిషి మెత్తబడిపోయి, ఊరికే ఏడుపు వస్తోందని చెప్పుకుంది. నేను కనకాంబరం రంగు గుడ్డ కట్టి ఇచ్చాను. రెండు నెలల తర్వాత నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు నా గుడ్డ వల్లేనని ఏడాది పాటు అందరికీ చెప్పాను. ఆ రెండు నెలలూ వాళ్ళమ్మ వచ్చి తోడున్న సంగతి కూడా ఆవిడ చెప్పింది గానీ, దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఇంతమందికి రంగులు చెప్పినదాన్ని, మా ఇంట్లో మా అమ్మాయికి ఏం చేశానో రాయడానికి మాత్రం నాలుగు రోజులుగా కూర్చుని లేస్తున్నాను. సిగ్గుగా ఉంది. రాస్తే తగ్గుతుందేమోనన్న ఆశ కూడా లేదు. అయినా రాస్తాను.

మాకు ఒక్కతే అమ్మాయి. దానిది వాళ్ళ నాన్న రంగు, నలుపు. పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "కళ గల మొహం" అని ఊరుకున్నారు. ఆ మాట ఎప్పుడు అంటారో మనందరికీ తెలుసు. నేనేమీ బాధపడలేదు. ముద్దుగా పెంచుకున్నాను, జడలు వేసి పూలు పెట్టాను, అది తినకపోతే నేనూ తినలేదు. ఇదంతా నా తరఫున వకాల్తా పుచ్చుకుని చెబుతున్నాను అనుకుంటారేమో. నిజంగానే అలాగే ప్రేమించాను. ప్రేమించే ఆ పని చేశాను.

అది మూడో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటాను. బడి వదిలాక దుకాణానికే వచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుని హోంవర్కు రాసుకునేది. ఒకరోజు ఒకావిడ రాణి రంగు జాకెట్ గుడ్డ పట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోతోంది. మనిషి గోధుమ రంగులో ఉంటుంది. "మంచిగుంటదా అక్కా నాకు? మరీ కొట్టొచ్చినట్టు ఉంటదేమో" అని పదిసార్లు అడిగింది. నాకు విసుగొచ్చింది. పక్కనున్న అమ్మాయి ఎడమచెయ్యి పట్టుకుని గౌను చెయ్యి పైకి మడిచి, ఆ గుడ్డ ముంజేతి మీద వేశాను.

"చూడండి. మా అమ్మాయి మీదే ఇంత బాగుందంటే, ఇక మీ మీద ఎలా ఉంటుందో మీరే చెప్పండి" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "గదీ మాట! కట్టియ్యి అక్కా" అని తీసుకుంది. నేనూ నవ్వాను. అమ్మాయి కూడా నవ్వింది. నేను చూశాను, నవ్వింది. ఆ నవ్వును నేను చాలా కాలం నాకు సాక్ష్యంగా పెట్టుకున్నాను.

ఆ మాట నా నోటికి బాగా పట్టేసింది. ఎవరైనా రంగు దగ్గర తటపటాయిస్తే చాలు, "ఇటు రామ్మా ఒకసారి" అనేదాన్ని. అది పెన్సిలు కింద పెట్టి వచ్చేది. ముదురు రంగులు, మెరుపు రంగులు, అమ్ముడుపోక మూలన పడి ఉన్న రంగులు, అన్నీ దాని చేతి మీద వేశాను. కొందరు మొహమాటపడి "అయ్యో పాపం, ఎందుకక్కా" అనేవాళ్ళు. చాలామంది నవ్వేవాళ్ళు. ఒకామె గుడ్డ తీసి, కింద చెయ్యి చూసి, "నీకు ఎందుకు రాలేదమ్మా మీ అమ్మ రంగు?" అని అడిగింది కూడా. దానికీ నేనే జవాబు చెప్పాను. "వాళ్ళ నాన్న రంగుకు మ్యాచింగ్ దొరికింది" అన్నాను. అందరం నవ్వాం. అలాంటి మాటలు నాకు అప్పటికప్పుడు దొరికేవి.

కొన్నాళ్ళకు నేను పిలవాల్సిన పని కూడా లేకపోయింది. ఎవరైనా గుడ్డ పట్టుకుని ఆలోచిస్తుంటే, అది పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెయ్యి చాపేది. చెయ్యి చాపి, కుడిచేత్తో రాసుకుంటూనే ఉండేది. తెలివైన పిల్ల, అమ్మ పని అర్థం చేసుకుంది అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

దానికి పదకొండేళ్ళు వచ్చినప్పుడు పుట్టినరోజుకు గౌను కుట్టించుకుంటానని తానే గుడ్డ ఎంచుకుంది. పసుపు, మంచి నిండు పసుపు. గుడ్డ తాను పైనుంచి దించి, భుజం మీద వేసుకుని, దుకాణంలో ఉన్న చిన్న అద్దం ముందు నిలబడింది. అప్పుడు లోపల ముగ్గురు ఆడవాళ్ళున్నారు. నేను ఎవరికో లంగా గుడ్డ చింపి ఇస్తున్నాను. తల తిప్పి చూసి, "అది నీ మీద అరుస్తుందే. బిస్కెట్ రంగు తీసుకో, నెమ్మదిగా ఉంటుంది" అన్నాను. గట్టిగా ఏమీ అనలేదు. నిజం చెప్పానని కూడా అనుకున్నాను. అది తానును మళ్ళీ మడత పెట్టి, సరిగ్గా ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. బిస్కెట్ రంగు గౌనే కుట్టించాను. ఫొటోలో ఆ గౌనులో బుద్ధిగా నిలబడి ఉంటుంది.

ఎనిమిదో తరగతికి వచ్చాక దుకాణానికి రావడం మానేసింది. ట్యూషన్ అంది. తర్వాత చదువు అంది. బట్టలన్నీ బూడిద రంగు, మట్టి రంగు, నిండు చేతులు. మే నెలలో కూడా మణికట్టు దాకా చేతులుండే కుర్తాలే. నేను ఊరుకుంటానా? "ఏమిటే ఆ సిమెంటు బస్తా వేషం? అలాంటి రంగులు వేసుకుంటే మనసు కూడా అలాగే ముడుచుకుపోతుంది" అని రోజూ పోరేదాన్ని. అది పెద్దగా మాట్లాడేది కాదు. దిగులుగా ఉండేది. పెళ్ళిళ్ళకు రమ్మంటే తలనొప్పి అనేది. బడంగ్‌పేట్‌లో మా ఆడపడుచు గృహప్రవేశానికి కూడా రాలేదు. వేసుకునే రంగుల వల్లే ఇలా అయిపోతోందని మా వారితో వాదించేదాన్ని. ఆయన "దాని మానాన దాన్ని ఉండనీ" అనేవారు. రంగుల సంగతి ఆయనకేం తెలుసని నేను కొట్టిపారేసేదాన్ని.

డిగ్రీ అయ్యాక, ఎయిర్‌పోర్టుకు మనుషులను పంపే ఒక కంపెనీలో దానికి ఉద్యోగం దొరికింది. ఒక నెల శిక్షణ. చివర్లో రెండు చోట్లు చెప్పి ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి, విమానం దిగి బయటికి వచ్చేవాళ్ళకు దారీ తెన్నూ చెప్పే కౌంటర్. రెండోది, వెనక సరుకుల విభాగంలో కాగితాల పని. మొదటిదానికి నాలుగు భాషలు మాట్లాడాలి, మా అమ్మాయి చక్కగా మాట్లాడుతుంది. శిక్షణ ఇచ్చిన మేడమ్ కౌంటర్‌కి నువ్వే సరిగ్గా సరిపోతావని చెప్పిందట. శనివారం లోపల చెప్పాలి. ఆ వారం మంగళవారం భోజనాల దగ్గర, "నేను సరుకుల దగ్గరికే వెళ్తానని చెబుతాను" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు? నలుగురిలో ఉండే పని వదిలేసి ఆ గోదాములో కూర్చుంటావా? మీ నాన్న కూర్చున్నది చాలదా?" అన్నాను. మా వారు అన్నం కలుపుతూ ఆగిపోయారు.

"అక్కడ బూడిద రంగు చొక్కా అమ్మా. కౌంటర్‌లో పసుపు" అంది, చాలా మామూలుగా.

"పసుపైతే మంచిదే కదా! పొద్దున్నే పసుపు వేసుకుంటే మనసు ఎంత తేలిగ్గా ఉంటుందో తెలుసా? ఎంతమందికి చెప్పాను నేను! నీ దిగులు సగం పోతుంది."

అది నా వైపు చూసింది. అదోలాంటి చూపు. "నాకు బూడిద రంగే హాయిగా ఉంటుంది" అని కంచం తీసుకుని లేచిపోయింది. మొండిది, వాళ్ళ నాన్న పోలికే అని నేను ఇంకో అరగంట అరిచాను. ఈ ఉద్యోగం దాన్ని నలుగురిలోకి తీసుకొస్తుందని ఎంతో ఆశపడ్డాను. అది వదిలేస్తే ఆ పిల్ల ఇక ఎప్పటికీ ఓ మూలనే ఉండిపోతుందని నాకు భయంగా ఉంది. అంతవరకూ నేను అనుకున్నది నిజమే.

గురువారం మధ్యాహ్నం మా సందు చివర ఉండే ఒకామె దుకాణానికి వచ్చింది. ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, ఆదివారం చర్చికి తెల్లచీరే కట్టుకుంటుంది. ఎప్పుడు వచ్చినా తెల్ల జాకెట్ గుడ్డే అడుగుతుంది. ఒకసారి ఆమెకూ నా పాఠం చెప్పబోయాను, ఎప్పుడూ తెలుపేమిటి, కాస్త రంగు చూడండి అని. "తెల్లది కట్టుకుంటెనే నాకు పానం నిమ్మలంగుంటది అక్కా" అని నవ్వేసింది. నా మందు పనిచేయని మనిషి ఆమె ఒక్కతే.

ఆ రోజు గుడ్డ చింపించుకుని, వెళ్ళకుండా నిలబడింది. దుకాణంలో ఇంకెవరూ లేరు.

"అక్కా, నీతోని ఒక ముచ్చట చెప్పాలె. కోపానికి రావద్దు" అంది.

"చెప్పండి."

"మొన్న సోమవారం నీ బిడ్డ మా కాడ బాత్రూంల నిలవడి ఏడుస్తుండె. నేను నేల తుడుస్తున్న. ఏందమ్మా, ఏమైంది అంటే ముందుగాల చెప్పలే. చేతిల పసుపు డ్రెస్సు ఉండె. ఏసుకొని చూస్కొమ్మని ఇచ్చిన్రంట. దానికి చేతులు పొట్టిగున్నయి గదా. 'అందరు నా చేతులు చూస్తరు ఆంటీ, నాతోని కాదు' అన్నది."

నేను కత్తెర కింద పెట్టాను.

"ఎందుకు బిడ్డా గట్లంటవ్ అని అడిగిన. చిన్నప్పుడు దుకాణంల మా అమ్మ నా చెయ్యి మీద గుడ్డలు ఏసి అందరికి చూపెట్టేది, అందరు నవ్వేటోళ్ళు అన్నది. గిదంత నిజమేనా అక్కా?"

ఆమె గొంతులో నింద లేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. "అవును" అంటే సరిపోయేది. నేను ఏమన్నానో యథాతథంగా రాస్తాను.

"మా ఇంటి గొడవ నీకెందుకమ్మా? బాత్రూములు కడగడానికి పెట్టుకున్నవాళ్ళు అది చూసుకుంటే చాలు" అన్నాను.

అన్నేళ్ళుగా మీరు అని పిలిచిన మనిషిని ఒక్క నిమిషంలో నువ్వు చేసేశాను. ఆమె మొహం ఏమీ మారలేదు. తెల్లగుడ్డ మడిచి బల్ల మీద నా వైపుకు జరిపింది. "నీ బిడ్డ గాబట్టి చెప్పిన అక్కా. ఇగ పోతున్న" అని మెట్లు దిగింది. గుడ్డ తీసుకోలేదు.

ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకావిడ ఉల్లిపొర రంగు చీర పరిచి, దీనికి ఏది బాగుంటుందండీ అని అడిగింది. "మీకు ఏది ఇష్టమైతే అది తీసుకోండి" అన్నాను. ఆవిడ వింతగా చూసింది. ఒకప్పుడు అమ్మాయి స్టూలు ఉండే చోటే చూస్తూ కూర్చున్నాను. మొదట నాకు వచ్చిన ఆలోచన, ఆ సందు చివరి ఆమె ఈ సంగతి ఇంకా ఎంతమందికి చెప్పిందో అని. పిల్ల బాత్రూములో నిలబడి ఏడ్చిందన్నది ఆ తర్వాత తట్టింది. ముందు పరువు, తర్వాత పిల్ల.

దీపాలు పెట్టే వేళకే దుకాణం మూసి ఇంటికి వెళ్ళాను. అమ్మాయి వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనూ ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు తీసుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నీకు గుర్తుందా, చిన్నప్పుడు దుకాణంలో..." అన్నాను.

"లేదు" అంది, నేను మాట పూర్తి చేయకుండానే.

"నీ చేతి మీద గుడ్డలు వేసేదాన్ని."

"చిన్న విషయం అమ్మా. వదిలెయ్యి."

"తప్పు చేశాను తల్లీ. వ్యాపారం కోసం ఏదో అనేశాను గానీ, నా మనసులో అలాంటిదేమీ..."

అది చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "వ్యాపారం కోసం అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. నువ్వు తిట్టినప్పుడు కూడా నాకేమీ అనిపించేది కాదు. కానీ ఆ మాట అన్నప్పుడల్లా నువ్వు చాలా సంతోషంగా ఉండేదానివి. ఎంత నవ్వేదానివో! నేను ఆ నవ్వు కోసమే చెయ్యి చాపేదాన్ని."

నేను ఏడ్చాను. ఏడిస్తే దగ్గరికి వచ్చి ఓదారుస్తుందని లోపల ఎక్కడో అనుకున్నాను కూడా. అది రాలేదు. కూర్చున్నచోటే కూర్చుని, నేను ఆపేదాకా ఆగింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాను.

"ఏం చెయ్యొద్దు. నాకు ఏ రంగు బాగుంటుందో చెప్పొద్దు. బాగుందని కూడా చెప్పొద్దు. శనివారం నాకు ఏది అనిపిస్తే అది చెబుతాను. ఏం చెప్పానని అడగొద్దు. కొన్నాళ్ళు ఎయిర్‌పోర్టు వైపు రావొద్దు. అంతే."

సరేనన్నాను. చిక్కుడుకాయలు ఒలవడం పూర్తి చేశాం. కూరలో ఉప్పు ఎక్కువైంది, అలాగే తిన్నాం.

శనివారం వెళ్ళింది, వచ్చింది. చెప్పేశాను అంది. ఏమని అని నేను అడగలేదు. డ్రెస్సు అక్కడే మార్చుకునేది, ఉతుక్కోవడానికి తెచ్చినా తన గదిలోనే ఆరేసుకునేది. నేను ఆ తలుపు తియ్యలేదు. నోరు మూసుకుని ఉండడం నాకు ఎంత కష్టమో మా వారికి తెలుసు. ఒకటి రెండుసార్లు నన్ను చూసి పేపరు తెరుచుకున్నారు.

ఆ పై వారం ఆదివారం తెల్లగుడ్డ కాగితంలో చుట్టి సందు చివరి ఇంటికి వెళ్ళాను. ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తెల్లచీరలోనే ఉంది. లోపలికి రమ్మని కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. "ఆ రోజు మిమ్మల్ని అనకూడని మాట అన్నానండీ" అన్నాను. పర్వాలేదు అంటుందని ఎదురుచూశాను.

"అన్నవ్ అక్కా. అన్నవ్" అంది. అంతే. గుడ్డ తీసుకుంది.

నేను వెనక్కి తిరుగుతుంటే, "నీ బిడ్డ పసుపు డ్రెస్సే తీసుకున్నది. కౌంటర్ల కూసుంటున్నది. మొదటి రెండు దినాలు జర పరేషాన్ అయింది గని, ఇప్పుడైతే మంచిగ నవ్వుకుంట పనిజేస్తున్నది" అంది. నేను అప్పుడే బస్టాండు వైపు చూశాను. ఆమె నా మొహం చూసి అర్థం చేసుకున్నట్టుంది. "నువ్వు మాత్రం జర ఓపిక పట్టు అక్కా. ఇప్పుడే పోవద్దు" అని కూడా చెప్పింది.

ఇద్దరు చెప్పారు రావొద్దని. పదిరోజులు ఆగాను. పదకొండో రోజు దుకాణం మూసి ఎయిర్‌పోర్టు బస్సెక్కాను. దూరం నుంచి ఒక్కసారి చూసి వచ్చేస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. రంగు దాని మీద ఎలా ఉందో చూడాలన్న ఆశ కూడా లేకపోలేదు. ఇంత జరిగినా ఆ ఆశ పోలేదు, అది నా జబ్బు.

విమానాలు దిగినవాళ్ళు బయటికి వచ్చేచోట ఎప్పటిలాగే జాతరలా ఉంది. పూలదండలు పట్టుకున్నవాళ్ళు, పిల్లలను ఎత్తుకున్నవాళ్ళు, పేర్లు రాసిన అట్టలు ఎత్తి పట్టుకున్న డ్రైవర్లు. ఒక పెద్ద కుటుంబం వెనక నిలబడి, వాళ్ళ భుజాల మధ్య నుంచి చూశాను. ఎదురుగా కౌంటర్. మా అమ్మాయి నిలబడి ఉంది.

పసుపు కుర్తా, మోచేతి పైదాకానే చేతులు. ఒక ముసలాయనకు బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతోంది. ఆయనకు వినిపించడం లేదనుకుంటాను, కౌంటర్ మీద నుంచి ముందుకు వంగి, చెయ్యి బారుగా చాపి అటు చూపిస్తోంది. ఆయన ఏదో అన్నాడు. అది తల వెనక్కి వేసి నవ్వింది. మా ఇంట్లో ఆ నవ్వు నేను చూసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకోలేను. రంగు అరవలేదు. ఆ పిల్లకీ ఆ రంగుకూ మధ్య నేను లేనప్పుడు అది చాలా మామూలుగా, పొద్దున్నే వాకిట్లో ఎండ పడినట్టు ఉంది. అందంగా ఉంది మా అమ్మాయి. ఈ మాట దానికి చెప్పే హక్కు నాకు లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

నా ముందున్న కుటుంబానికి వాళ్ళ మనిషి కనిపించినట్టున్నాడు, అందరూ ఒక్కసారిగా పక్కకు పరుగెత్తారు. నేను ఒక్కదాన్నే మిగిలాను. అమ్మాయి ముసలాయనను సాగనంపి తల తిప్పింది. నన్ను చూసింది.

కోపం రాలేదు దానికి. ఎందుకొచ్చావన్నట్టు కూడా చూడలేదు. నన్ను చూస్తూనే, తను ఏం చేస్తోందో తనకే తెలియనట్టు, చెయ్యి వెనక్కి పోయి కుర్చీకి తగిలించి ఉన్న బూడిద రంగు కోటు అందుకుంది. స్కూటీ మీద ఎండ తగలకుండా ఆడపిల్లలు వేసుకుంటారే, ఆ నిండు చేతుల కోటు. నీడలో, ఉద్యోగంలో నిలబడి, దాన్ని తొడుక్కుని ఒక్కొక్క గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టింది.

మూడో గుండీ దాకా చూశాను. నేను ఎంత త్వరగా కనుమరుగైతే అంత త్వరగా విప్పేస్తుందని, వెనక్కి తిరిగి బస్సు వైపు గబగబా నడిచాను.